వయసు పెరిగాక వంటింటి నేల: వంగకుండా, బకెట్ మోయకుండా తుడుచుకునే పద్ధతి

పది లీటర్ల బకెట్ నిండా నీళ్లు పడితే అవే 10 కిలోలు, బకెట్ బరువు అదనం. దాన్ని కుళాయి దగ్గర ఎత్తాలి, వంటింట్లోకి మోసుకురావాలి, తుడుస్తున్నంతసేపూ వెంట జరుపుకోవాలి, చివరికి మళ్లీ ఎత్తి పారబోయాలి. గుడ్డ ముంచిన ప్రతిసారీ వంగాలి. పిండినప్పుడల్లా మణికట్టు మెలితిప్పాలి. ఇంతా చేశాక మిగిలేది తడినేల. ముప్పై ఏళ్ల వయసులో ఇవేవీ లెక్కలోకి రావు. అరవై దాటాక నడుము, మోకాళ్లు, బొటనవేలి మొదలు, కంటిచూపు, బ్యాలెన్స్ అన్నిటికీ ఈ ఒక్క పనితోనే పరీక్ష మొదలవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన నివేదిక ప్రకారం 65 ఏళ్లు పైబడినవారిలో ఏటా 28 నుంచి 35 శాతం మంది కిందపడుతున్నారు. 70 దాటినవారిలో అది 32 నుంచి 42 శాతం. అందుకే నేల ఎంత మెరుస్తోందన్నది ఇక్కడ రెండో విషయం. ముందుగా తగ్గాల్సినవి మూడు: వంగడం, బరువు, తడి. మీరు ఏ కొత్త పరికరం చూసినా, ఎవరు ఏ చిట్కా చెప్పినా, ఈ మూడింట్లో ఏది తగ్గుతుందో చూడండి. ఒక్కటీ తగ్గకపోతే దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

మొదటి మెట్టు: మురికి ఎక్కడ పడుతోందో చూడండి

వంటిల్లంతా ఒకేలా మురికి కాదు. స్టవ్ ముందు రెండడుగుల మేర నూనె తుంపరలు, సింక్ ముందు నీటి చుక్కలు, కూరగాయలు తరిగే చోట తొక్కలు. అసలు పని ఈ మూడు చోట్లే. మిగతా నేల మీద ఉండేది చాలావరకు పొడి దుమ్మే. చాలామంది అలవాటు కొద్దీ రోజూ ఈ మూల నుంచి ఆ మూల దాకా తడిగుడ్డ పెడతారు. అలా చేయనవసరం లేదు. ఈ మూడు చోట్లా రోజూ తుడిచి, మిగతాది వారానికి ఒకటి రెండుసార్లు తుడిస్తే వంటిల్లు శుభ్రంగానే ఉంటుంది. మురికి పడని చోట రోజూ తుడవకపోవడం బద్ధకం కాదు. ఈ మాట పెద్దవాళ్లకు గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే వాళ్లు ఒప్పుకోనిది దీన్నే.

నేలను ఇంకా తేలిగ్గా చూడాలంటే టార్చిలైటును నేలకు దగ్గరగా పట్టి పక్కవాటంగా వెలుతురు వేయండి. పైనుంచి పడే వెలుతురులో కనబడని పొడి, జిడ్డు మరకలు, తడి చుక్కలు ఏటవాలు వెలుతురులో స్పష్టంగా కనిపిస్తాయి. టార్చికి పొడవాటి కర్ర కట్టుకుంటే వంగాల్సిన పని కూడా ఉండదు. వయసుతో కంటిలోని లెన్స్ పసుపెక్కి, కనుపాప కుంచించుకుని, లోపలికి వెళ్లే వెలుతురు బాగా తగ్గిపోతుంది. కాబట్టి వంటింట్లో బల్బు కాంతి పెంచడం కూడా నేల శుభ్రతలో భాగమే. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కిందికి చూసినప్పుడు చూపు చదివే భాగం గుండా పోతుంది, పాదాల దగ్గరి నేల మసకబారుతుంది. విడిగా దూరపుచూపు అద్దాలు ఉంటే నేల తుడిచేటప్పుడు అవి పెట్టుకోవడం మేలు.

రెండో మెట్టు: మురికిని నేల దాకా రానివ్వకండి

కింద పడని నూనె చుక్కను తుడవక్కర్లేదు. నూనె చిట్లే వంటకు జాలీ మూత వాడండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే స్టవ్ వెలిగించే ముందే వేసి, ఆర్పాక మరో పది నిమిషాలు తిరగనివ్వండి. వేడి నూనె నుంచి లేచే సన్నటి ఆవిరి చల్లారి నేల మీద పేరుకుంటుంది, దాని మీద దుమ్ము అతుక్కుంటుంది. వంటింటి నేల చెప్పుకు అంటుకున్నట్టు అనిపించడానికి ఒక కారణం ఇదే.

గిన్నెలు కడిగి ఆరబెట్టే స్టాండు సింక్‌కు ఆనుకునే ఉండాలి. అది రెండడుగుల దూరంలో ఉంటే ప్రతి గిన్నెకూ రెండు మూడు చుక్కలు నేల మీద పడతాయి. చేతులు తుడుచుకునే తువాలు సింక్ పక్కనే వేలాడాలి. కూరగాయలు తరిగేటప్పుడు తొక్కలకు ఒక గిన్నె గట్టు మీదే పెట్టుకోండి. చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి కానీ రోజుకు నాలుగైదుసార్లు వంగడం వీటితోనే తప్పుతుంది.

సింక్ ముందు, స్టవ్ ముందు మ్యాట్ వేయాలా వద్దా? అడుగున రబ్బరు ఉండి, అంచులు పలచగా నేలకు అతుక్కుని, వాషింగ్ మెషిన్‌లో వేయగలిగినదైతే వేయండి. అంచులు లేచినది, పాదంతో తోస్తే జరిగేది అయితే ఈరోజే తీసేయండి. పాత బట్ట మడిచి పరచడం మరీ ప్రమాదం, టైల్స్ మీద అది మనిషితో సహా జారిపోతుంది.

నేల మీద ఉన్న సామాను సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. డబ్బా, బుట్ట, స్టూలు, చెత్తబుట్ట ఇలా నేల మీద ఉన్న ప్రతి వస్తువూ తుడిచినప్పుడల్లా ఒకసారి వంగేలా చేస్తుంది. కొన్నిటిని గోడ అల్మరాలోకి ఎక్కించండి, కొన్నిటిని చక్రాల స్టాండు మీద పెట్టండి. కాలితో నెట్టగలిగితే చాలు.

మూడో మెట్టు: ఊడ్చడం

పొడి చెత్త పూర్తిగా పోకుండా తడి తగిలితే దుమ్ము బురదవుతుంది, అదే గీతలుగా ఆరుతుంది. ఊడ్చడంలో శ్రద్ధ పెడితే తుడవడం సగానికి తగ్గుతుంది.

పొట్టి చీపురుతో ఊడ్చేటప్పుడు నడుము వంగి, ఆ వంగిన నడుమే పక్కలకు తిరుగుతుంది. వెన్నుపూసల మధ్య డిస్కులకు ఒక్కసారే వంగడం, మెలితిరగడం రెండూ కలిస్తే భారం పెరుగుతుంది. కర్ర పొడవు నిలబడినప్పుడు మీ గడ్డం దాకా వస్తే సరిపోతుంది. పొడవు మార్చుకునే కర్ర అయితే ఇంట్లో అందరికీ పనికొస్తుంది. డస్ట్‌పాన్ కూడా నిలువు పిడి ఉన్నదే తీసుకోండి. చీపురుకు పొడవాటి కర్ర వేసుకుని, చెత్త ఎత్తడానికి మాత్రం కూర్చుని లేచేవాళ్లను చాలామందిని చూశాను. ఆ ఒక్కసారి కూర్చుని లేవడం దగ్గరే తల తిరగవచ్చు.

కరెంటు తీగ లేని వ్యాక్యూమ్ కొనాలనుకుంటే దాని మొత్తం బరువుతో పాటు ఆ బరువు ఎక్కడుందో చూడండి. మోటారు చేతి దగ్గర ఉంటే బరువంతా మణికట్టు మీదే. మోటారు కింద ఉంటే నేలే మోస్తుంది. దుకాణంలో ఒక చేత్తో పట్టుకుని కొన్ని నిమిషాలు ముందుకూ వెనక్కీ తోసి చూడండి. చెత్త డబ్బా మీట మీ బొటనవేలితో నొక్కితే తెరుచుకుంటుందో లేదో కూడా అక్కడే తేల్చుకోవాలి. కీళ్లనొప్పులున్నవారికి అది మొరాయిస్తే ఆ యంత్రం కొద్ది రోజుల్లోనే మూల చేరుతుంది.

నాలుగో మెట్టు: బకెట్ లేకుండా తడి

ఇంత రాసిందీ దీనికోసమే. ఈ ఒక్క మార్పు చేసుకుంటే మిగతావి నెమ్మదిగా చేసుకోవచ్చు.

కావాల్సింది ఒక ఫ్లాట్ మాప్. పలక లాంటి తల, దానికి అంటించి తీసే మైక్రోఫైబర్ గుడ్డ. అలాంటి గుడ్డలు నాలుగైదు ఉండాలి. మైక్రోఫైబర్ చాలావరకు పాలియెస్టర్, పాలిమైడ్ పోగులతో తయారవుతుంది. ఒక్కో పోగు చీలి ఎన్నో సన్నటి అంచులుగా ఉంటుంది కాబట్టి దుమ్మును, జిడ్డును కొద్ది తడితోనే పట్టేస్తుంది. నూలు గుడ్డ నీళ్లు ఎక్కువ తాగి నేల మీద వదులుతుంది, ఇది తక్కువ వదులుతుంది. నేల త్వరగా ఆరుతుంది. జారే ప్రమాదం తగ్గేది అక్కడే.

పద్ధతి ఇది. సింక్ పక్కన గట్టు మీద ఒక వెడల్పాటి పళ్లెంలో గుడ్డలను ఒకదాని మీద ఒకటి పేర్చండి. గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా క్లీనర్ కలిపి పై నుంచి సమానంగా పోయండి. గుడ్డలన్నీ నెమ్మదిగా పీల్చుకుంటాయి. ఎంత నీరన్నది రెండు మూడుసార్లకు మీకే తెలుస్తుంది. గుడ్డ ఎత్తితే నీళ్లు కారకూడదు, చేత్తో తాకితే చల్లగా తడి తగలాలి. ఎక్కువైతే మెలితిప్పి పిండకండి, సింక్ గోడకు ఆనించి అరచేత్తో నొక్కండి. బొటనవేలి మొదట్లో కీలు అరిగినవారికి మెలితిప్పడమే అన్నిటికంటే బాధ పెట్టే కదలిక.

ఇంకా తేలిక దారి ఉంది. వాడిన గుడ్డలను వాషింగ్ మెషిన్‌లో ఉతికి, స్పిన్ అయిపోగానే ఆరేయకుండా తీసి మాప్‌కు అంటించండి. దాదాపు కావాల్సినంత తడితోనే బయటికొస్తాయి. గుడ్డ అంటించేటప్పుడు కూడా వంగనక్కర్లేదు. గుడ్డను నిలబడే నేల మీదకు వదిలి మాప్ తలను దాని మీద పెడితే వెల్‌క్రో దానంతటదే పట్టుకుంటుంది. తీసేటప్పుడు మాప్‌ను తిప్పి కర్రను గట్టుకు ఆనించి, చేతి ఎత్తులోనే లాగేయండి.

ఒక గుడ్డతో స్టవ్ ముందు, రెండో దానితో సింక్ ముందు, మూడో దానితో మిగతా నేల. మురికైన గుడ్డను మళ్లీ ముంచే పని లేదు కాబట్టి మురికినీళ్లనే తిప్పి తిప్పి నేలకు పూయడం ఉండదు. బకెట్ పద్ధతిలో సగం అయ్యాక జరిగేది అదే.

ఈ గుడ్డలకు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ తగలకూడదు. అది పోగుల మీద పొరలా పేరుకుని పీల్చే గుణాన్ని చంపేస్తుంది. ఎక్కువ వేడిలో ఆరబెట్టినా పోగులు పాడవుతాయి.

సీసా అమర్చిన స్ప్రే మాప్ కూడా మంచిదే, పిడి దగ్గర మీట నొక్కితే కావాల్సిన చోటే చెమ్మ పడుతుంది. అయితే మీట నొక్కడానికి వేళ్లలో బలం ఉండాలి. స్పిన్ మాప్‌లో పిండే శ్రమ తగ్గుతుంది కానీ బకెట్ మాత్రం పోలేదు. అది వాడితే సగానికి మించి నింపకండి, కింద చక్రాలు ఉండాలి, నింపడానికీ ఒంపడానికీ మగ్గు వాడండి. స్టీమ్ మాప్‌ను ఈ వయసు వారికి నేను సూచించను. బరువు ఎక్కువ, తీగ కాళ్లకు తగులుతుంది, వేడి ఆవిరి ఒకటి. పైగా లామినేట్, వినైల్ నేలల అతుకుల్లోకి ఆవిరి వెళ్తే ఉబ్బి ఊడిపోవచ్చు.

రోబో యంత్రాలు పొడి చెత్తకు నిజంగా ఉపయోగపడతాయి. తీగలు, మ్యాట్ అంచులు లేని ఖాళీ నేల ఉంటేనే. అవి ఇంట్లో తిరుగుతున్నప్పుడు మీరు కూర్చుని ఉండాలి, కాళ్ల మధ్యకు వచ్చే ఎత్తులో ఉంటాయి అవి.

తుడిచేటప్పుడు ఒంటి వాటం

వెనక్కి నడుస్తూ తుడవడం అందరికీ అలవాటు, తుడిచిన చోట అడుగు పడకుండా. కానీ వయసులో వెనకడుగు వేయడమంటే కనబడని చోటికి వెళ్లడమే. దానికి బదులు పక్కకు అడుగులేస్తూ, గట్టుకు సమాంతరంగా పట్టీలు పట్టీలుగా తుడవండి. ఒక పట్టీ తుడిచి, పొడినేల వైపు ఒక పక్క అడుగు వేసి, రెండో పట్టీ. చివరికి గుమ్మం దగ్గరకు చేరేలా లోపలి మూల నుంచి మొదలుపెట్టండి. ఒక చేయి ఎప్పుడూ గట్టును అందుకునే దూరంలో ఉంటే మరీ మంచిది.

పై చెయ్యి ఛాతీ ఎత్తులో, కింది చెయ్యి నడుము ఎత్తులో ఉండాలి. మాప్‌ను చేతులతో దూరంగా తోయకండి. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి ఒంటి బరువును ముందుకూ వెనక్కూ ఊపితే మాప్ దానితోపాటే కదులుతుంది. భుజాలు నొప్పి పుట్టవు. తోసేటప్పుడు ఊపిరి వదలండి. బరువు పనిలో తెలియకుండానే ఊపిరి బిగబట్టేస్తాం, దానివల్ల రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది.

పాదాలకు మడమ మూసి ఉండి రబ్బరు అడుగు ఉన్న చెప్పులు వేసుకోండి. వదులు స్లిప్పర్లు, మేజోళ్లు వద్దు.

వేళ కూడా చూసుకోవాలి. నిద్ర లేవగానే, కడుపునిండా తిన్న వెంటనే, బీపీ మాత్ర వేసుకున్న కాసేపటికి ఈ పని పెట్టుకోకండి. పడుకునో కూర్చునో ఉండి లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు పై రక్తపోటు 20 గానీ, కింది రక్తపోటు 10 గానీ పడిపోతే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. బీపీ మందులు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులు, ప్రొస్టేట్‌కు వాడే కొన్ని మందులు దీన్ని పెంచుతాయి. కూర్చుని లేస్తే కళ్లు బైర్లు కమ్ముతుంటే మాప్ మార్చడం కంటే ముందు డాక్టరుతో మాట్లాడండి.

మొండి మరకలు, ఒలికినవి

ఎండిపోయిన మరకను గోకకండి. తడిగుడ్డను మాప్‌తోనే దాని మీదకు తోసి పది నిమిషాలు వదిలేయండి. నీరు ఆ పని చేస్తుంది. తర్వాత కుర్చీలో కూర్చుని, గుడ్డను కాలి కింద పెట్టి రుద్దండి. కాలికి చేతికంటే బలం ఎక్కువ, నడుము వంగదు. కానీ నిలబడి ఒంటికాలి మీద ఈ పని చేయకండి.

నూనె ఒలికితే నీళ్లు పోయకూడదు, ఇంకా పరుచుకుంటుంది. ముందు దాని మీద పొడి పిండి గానీ, కాగితాలు గానీ వేయండి. పీల్చుకున్నాక పొడవాటి డస్ట్‌పాన్‌తో ఎత్తి, గిన్నెల సబ్బు కలిపిన గుడ్డతో తుడిచి, ఆ తర్వాత ఉత్త నీటి గుడ్డతో ఒకసారి. గాజు పగిలితే పెద్ద ముక్కలు ఊడ్చాక, తడిపిన కాగితాన్ని మాప్ కింద పెట్టి తోస్తే సన్నటి పొడి దానికి అంటుకుంటుంది. ఆ కాగితాన్ని పారేయండి, మాప్ గుడ్డతో చేయకండి, ముక్కలు అందులోనే ఉండి చేతికి గుచ్చుకుంటాయి.

ఏ ద్రావణం, ఎంత

తుడిచినా నేల జిడ్డుగా ఉందంటే చాలాసార్లు కారణం క్లీనర్ ఎక్కువవడమే. ఆరిన సబ్బు పొర దుమ్మును పట్టి ఉంచుతుంది, తడి తగిలితే జారుతుంది. సీసా మీద రాసిన కొలత దాటకండి. ఇప్పటికే పొర పేరుకుని ఉంటే రెండు మూడుసార్లు ఉత్త గోరువెచ్చటి నీటి గుడ్డలతో తుడిస్తే పోతుంది.

పాలరాయి, సున్నపురాయి నేలల మీద వెనిగర్, నిమ్మ, యాసిడ్ వాడకండి. ఆ రాళ్లలోని కాల్షియం కార్బొనేట్‌ను ఆమ్లం తినేసి మెరుపు పోగొడుతుంది. వాటికి పీహెచ్ 7 దగ్గర ఉండే, అంటే ఆమ్లమూ క్షారమూ కాని, క్లీనర్ సరైనది. రోజువారీ నేలకు క్రిమిసంహారకం అవసరం లేదు. పచ్చిమాంసం రసం, వాంతి లాంటివి పడినప్పుడు మాత్రం ముందు మురికి తుడిచి, తర్వాత క్రిమిసంహారకం వేసి, సీసా మీద చెప్పినంతసేపు ఉంచాలి. వేసిన వెంటనే తుడిచేస్తే పని చేయదు.

బ్లీచ్‌ను దేనితోనూ కలపకండి. యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు, అమోనియాతో కలిస్తే క్లోరమైన్ వాయువు పుడతాయి. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికి ఇది ప్రాణాల మీదకు వస్తుంది.

మీరు చేయకూడని పనులు

ఫ్రిజ్ జరపడం, అల్మరా కింద తుడవడం, టైల్స్ సందులు బ్రష్‌తో రుద్దడం. ఇవి నెలకోసారి ఇంకొకరు చేయాలి. పిల్లలను అడిగేటప్పుడు "కాస్త వంటిల్లు చూడండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఆదివారం ఫ్రిజ్ జరిపి వెనక ఊడ్చి పెట్టు" అనండి. పని, రోజు రెండూ చెబితే జరుగుతుంది. పిల్లలు ఇది చదువుతుంటే, అమ్మానాన్నలు అడిగేదాకా ఆగకండి. చాలామంది అడగరు.

పడిపోతే

తుడిచేటప్పుడు ఫోను జేబులోనే ఉండాలి, గట్టు మీద కాదు. పడితే వెంటనే లేవకండి. కొన్ని నిమిషాలు అలాగే ఉండి ఎక్కడ నొప్పి ఉందో చూసుకోండి. తుంటి దగ్గర తీవ్రంగా నొప్పి ఉన్నా, కాలు కదలకపోయినా లేచే ప్రయత్నం మానేసి ఫోన్ చేయండి. బాగానే ఉందనిపిస్తే పక్కకు తిరిగి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ల మీదకు రండి. అలాగే పాకుతూ బరువైన, కదలని కుర్చీ దగ్గరకు వెళ్లి, రెండు చేతులూ దాని మీద ఆనించి, బలమైన కాలును ముందుకు తెచ్చి, నెమ్మదిగా పైకి లేచి కూర్చోండి. ఎవరైనా తోడుండగా మంచం పక్కన దీన్ని ముందే ఒకసారి సాధన చేసి పెట్టుకోవడం మంచిది. తల నేలకు తగిలి ఉంటే, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడుతుంటే, ఏమీ కానట్టు అనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.